కుకీలన్నీ ఊడ్చేయకండి: ఉంచాల్సినవి ఉంచి, అక్కర్లేనివి తీసేసే పద్ధతి

పోయిన దసరా సెలవులకు మా మామయ్యగారు హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి, మారతహళ్ళిలో మా ఇంట్లో వారం రోజులున్నారు. వస్తూ తన ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకున్నారు. "అల్లుడూ, ఇది ఈమధ్య నత్తలా నడుస్తోంది, కాస్త చూడు" అన్నారు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ అల్లుడున్నాక ఇలాంటివి తప్పవు. నేను కూడా పెద్దగా ఆలోచించలేదు. క్రోమ్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మూడు కీలూ కలిపి నొక్కాను. 'ఆల్ టైమ్' ఎంచుకుని, కనిపించిన గడులన్నిటికీ టిక్కు పెట్టి మొత్తం తుడిచేశాను. అర నిమిషం పని.

మర్నాడు పొద్దున్నే పెన్షన్ పడిందో లేదో చూసుకుందామని ఆయన బ్యాంకు సైటు తెరిచారు. అన్నాళ్ళూ పాస్‌వర్డ్ కొడితే లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ రోజు మాత్రం 'ఇది కొత్త బ్రౌజర్‌లా ఉంది, ఓటీపీ ఇవ్వండి' అని అడిగింది. ఆ నంబరున్న ఫోనేమో హిందూపురంలో అత్తయ్యగారి దగ్గరుంది. నా ఫోన్ నుంచి ఆవిడకు చేసి, వచ్చిన ఆరంకెలూ చదవమన్నారు. ఆవిడ ససేమిరా అన్నారు. "ఓటీపీ కన్నబిడ్డలకైనా చెప్పొద్దని మీరే కదండీ అన్నారు?" "నేను నీ మొగుణ్ణే!" "గొంతు అలాగే ఉంది లెండి. కానీ ఈ రోజుల్లో గొంతులు కూడా మారుస్తున్నారట."

ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని. తప్పు నాది. పైగా అంత తుడిచినా ల్యాప్‌టాప్ నడక ఏమీ మారలేదు. ఆ తర్వాత మామయ్యగారి ల్యాప్‌టాప్‌లో, నా దాంట్లో, ఆఫీసులో ఇద్దరు ముగ్గురు స్నేహితుల వాటిలో సరైన పద్ధతిలో చేశాను. ఆ పద్ధతే ఇది. తీరిగ్గా కూర్చుంటే గంట పడుతుంది.

కుకీ అంటే చెప్పుల స్టాండు టోకెన్

గుళ్ళో చెప్పుల స్టాండు దగ్గర చెప్పులిస్తే ఒక నంబరు బిళ్ళ ఇస్తారు. చెప్పులు వాళ్ళ అరలో ఉంటాయి, మన చేతిలో నంబరే ఉంటుంది. తిరిగొచ్చి బిళ్ళ చూపిస్తే మన చెప్పులేవో వాళ్ళకు తెలుస్తుంది. సైటు మన బ్రౌజర్‌లో పెట్టే కుకీ సరిగ్గా ఆ బిళ్ళే. మన వివరాలు సాధారణంగా వాళ్ళ సర్వర్లో ఉంటాయి, మన దగ్గర ఒక పొడుగాటి నంబరుంటుంది. ప్రతి పేజీ తెరిచినప్పుడల్లా బ్రౌజర్ ఆ నంబరు చూపిస్తుంది కాబట్టే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడగరు. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేసే లూ మాంటుల్లి దీన్ని తయారుచేసింది కూడా ఇలాంటి అవసరానికే. ఆన్‌లైన్ దుకాణంలో కొనేవాడు బుట్టలో ఏమేం వేసుకున్నాడో గుర్తుండాలి కదా.

ఒక్కో కుకీ మహా అయితే నాలుగు కేబీలుంటుంది. ఐదొందల కుకీలున్నా రెండు ఎంబీలే, అంటే ఫోన్లో తీసిన ఒక ఫొటో అంత కూడా కాదు. అందుకే కుకీలు తీసేస్తే కంప్యూటర్ వేగం పుంజుకుంటుందనేది ఉత్త మాట. చోటు తినేది క్యాష్ (cache), అంటే సైట్లు మళ్ళీ త్వరగా తెరుచుకోవడానికి బ్రౌజర్ దాచుకునే బొమ్మలూ ఫైళ్ళూ. అది వేరే గడి, దాన్ని తుడిస్తే లాగిన్లు పోవు. చోటు కోసమే అయితే క్యాష్ గడికి మాత్రం టిక్కు పెట్టి ఊరుకోండి.

మరి కుకీలతో ఇబ్బంది ఎక్కడ? చిక్‌పేటలో చీరల కోసం పది దుకాణాలు తిరిగారనుకోండి. ప్రతి దుకాణంలోనూ ఓ మూల ఒకే మనిషి కూర్చుని, మీ చొక్కాకు అతికించిన చీటీ చూసి 'ఈయన మళ్ళీ వచ్చాడు, ఈసారి ధర్మవరం పట్టు చూశాడు' అని రాసుకుంటుంటే ఎలా ఉంటుంది? దుకాణదారు ఇచ్చిన బిళ్ళ మీ పనికొస్తుంది. ఆ మూలనున్న వాడి చీటీ వాడి పనికే వస్తుంది. మొదటిది ఫస్ట్ పార్టీ కుకీ, రెండోది థర్డ్ పార్టీ కుకీ. వార్తల సైటు తెరిస్తే పక్కన ప్రకటనల కంపెనీ పెట్టే కుకీలన్నీ రెండో రకమే. మనం వదిలించుకోవాల్సింది ముఖ్యంగా వీటిని.

మొదటి అడుగు: కాగితం మీద జాబితా

దీన్ని దాటేయకండి. నేను దాటేసినందుకే పైన చెప్పిన కథంతా. ఏ కుకీలు తీసేయాలి అని మొదలుపెడితే వందల పేర్లు కనిపిస్తాయి, అందులో సగం ఎవరివో కూడా తెలియదు. ఏవి ఉంచాలి అని మొదలుపెడితే మామూలు ఇంట్లో పది పదిహేను తేలతాయి.

కాగితం తీసుకుని మీరు లాగిన్ అయ్యే సైట్లన్నీ రాయండి. మా ఇంటి జాబితా ఇది: మెయిలు, రెండు బ్యాంకులు, పీఎఫ్, బెస్కామ్ కరెంటు బిల్లు, ఊరికి వెళ్ళే టికెట్ల కోసం ఐఆర్‌సీటీసీ, ఏపీఎస్ఆర్టీసీ, తిరుమల దర్శనం టికెట్ల టీటీడీ సైటు, పిల్లల బడి పోర్టల్, కంప్యూటర్లో తెరిచే వాట్సాప్, ఒక షాపింగ్ సైటు. గుర్తు రాకపోతే బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డ్‌ల పట్టిక తెరిచి చూడండి. మీరు మరిచిపోయినవి అక్కడ కనిపిస్తాయి.

తర్వాత ఒక్కో పేరు దగ్గర ఆగి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది బయటికి తోసేస్తే మళ్ళీ లోపలికి వెళ్ళడానికి ఏం కావాలి? పాస్‌వర్డ్ చాలంటే భయం లేదు. ఓటీపీ కావాలంటే ఆ సిమ్ ఎవరి దగ్గరుందో చూసుకోండి. మెయిలుకు కోడ్ వస్తుందంటే, ఆ మెయిల్లోకి వెళ్ళే దారి ఫోన్లోనైనా తెరిచి ఉండాలి. ఇలాంటి వాటి పక్కన చుక్క పెట్టండి. వాట్సాప్‌కు చుక్క తప్పనిసరి, సైటు డేటా పోతే ఫోన్‌తో మళ్ళీ క్యూఆర్ స్కాన్ చేయాల్సిందే.

లాగిన్ లేకపోయినా పనికొచ్చే కుకీలు కొన్నుంటాయి. సైటును తెలుగులో చూపించమన్న ఎంపిక, మీ ఊరి పేరు, అక్షరాల సైజు లాంటివి. ఇంకో తమాషా ఉంది. 'కుకీలు ఒప్పుకుంటారా?' అని అడ్డొచ్చే పెట్టెలో మీరు 'రిజెక్ట్ ఆల్' నొక్కితే, ఆ వద్దన్న మాటను కూడా చాలా సైట్లు ఒక కుకీలోనే రాసి పెట్టుకుంటాయి. అన్నీ తుడిచేస్తే మీరు వద్దన్న సంగతి కూడా పోతుంది, ఆ పెట్టె మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

రెండో అడుగు: ముందు కుళాయి కట్టండి

నీళ్ళు కారుతుంటే నేల తుడిచి లాభం లేదు. థర్డ్ పార్టీ కుకీలు రాకుండా ఆపితేనే తర్వాత తుడిచినదానికి ఫలితం.

ఐఫోన్‌లో, మ్యాక్‌లో సఫారీ వాడేవాళ్ళకు ఈ అడుగులో పని లేదు. 2020 నుంచే సఫారీ వాటిని పూర్తిగా ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక్కో సైటు కుకీలను ఆ సైటు డబ్బాలోనే పెట్టి మూతేస్తోంది. దుకాణాల్లో కూర్చునే మనిషి ఒక్కడే అయినా, ప్రతి దుకాణంలోనూ అతనికి కొత్త పుస్తకమే, పాతదానితో కలుపుకోలేడు. క్రోమ్ సంగతే వేరు. రెండేళ్ళలో ఈ కుకీలను తీసేస్తామని 2020లో గూగుల్ ప్రకటించింది, తర్వాత పదేపదే వాయిదా వేసింది, 2024లో ఆ ఆలోచనే మానుకుంది. ప్రకటనల మీద బతికే కంపెనీ తన కొమ్మను తానే నరుక్కుంటుందని నేనైతే ఎప్పుడూ అనుకోలేదు. కాబట్టి క్రోమ్‌లో ఆ పని మనమే చేసుకోవాలి.

కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ'లో 'థర్డ్ పార్టీ కుకీస్' తెరిచి, 'బ్లాక్ థర్డ్ పార్టీ కుకీస్' ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్‌లోనూ దాదాపు ఇదే. వెర్షన్ మారినప్పుడల్లా ఈ పేర్లు అటూ ఇటూ జరుగుతుంటాయి. దొరక్కపోతే సెట్టింగ్స్ పేజీ పైనున్న వెతికే పెట్టెలో ఇంగ్లీషులో 'కుకీస్' అని కొట్టండి, సరైన చోటికి తీసుకెళ్తుంది.

దీనివల్ల ఎప్పుడైనా ఒక పేజీ సరిగ్గా పనిచేయకపోవచ్చు. ఒక సైటులో ఇంకో సైటు కిటికీ తెరుచుకునే చోట, అంటే డబ్బు కట్టే పేజీలోనో, ఆన్‌లైన్ పరీక్షలోనో ఇది ఎదురవుతుంది. అప్పుడు మొత్తం సెట్టింగ్ వెనక్కి మార్చకండి. క్రోమ్ అడ్రస్ పట్టీ చివర కన్ను బొమ్మ కనిపిస్తే అది నొక్కి, ఆ ఒక్క సైటుకు మాత్రం అనుమతి ఇవ్వండి.

మూడో అడుగు: ఏరివేత

ఇప్పుడు చీపురు కాదు, చేట పట్టాలి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరే పని ఇది.

క్రోమ్‌లో అదే 'థర్డ్ పార్టీ కుకీస్' పేజీలో కిందికి వెళ్తే 'సీ ఆల్ సైట్ డేటా అండ్ పర్మిషన్స్' అని ఉంటుంది. అందులో మీ బ్రౌజర్లో ఏదో ఒకటి పెట్టిన సైట్లన్నీ వరుసగా కనిపిస్తాయి. మొదటిసారి చూసినవాళ్ళకు కళ్ళు తిరగొచ్చు. 'ఈ సైటుకి నేనెప్పుడెళ్ళాను?' అన్నవే ఎక్కువ. ఎక్కువ చూసిన సైట్ల వరుసలో పెట్టుకుంటే మీ జాబితాలోనివి చాలావరకు పైకొస్తాయి, అడుగున మిగిలేది చెత్త. కింది నుంచి మొదలుపెట్టి, జాబితాలో లేని ప్రతిదాని పక్కనున్న చెత్తబుట్ట బొమ్మ నొక్కుతూ పైకి రండి.

ఒక్కొక్కటీ నొక్కే ఓపిక లేకపోతే పైన వెతికే పెట్టె ఉంది. 'యాడ్స్', 'ట్రాక్', 'క్లిక్' లాంటి ముక్కలు ఇంగ్లీషులో కొడితే, పేరులో ఆ ముక్క ఉన్న సైట్లు మాత్రమే మిగులుతాయి. అప్పుడు కనిపిస్తున్నవాటిని ఒకేసారి తీసేసే బటన్ వాడొచ్చు. జాగ్రత్త, ఆ పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు అదే బటన్ అన్నిటినీ తీసేస్తుంది! నొక్కేముందు పెట్టెలో మీరు కొట్టిన మాట ఉందో లేదో, కింద మిగిలిన పేర్లలో మీ బ్యాంకు ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఉదాహరణకు 'యాడ్' అని మాత్రం కొడితే, పేరులో ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలున్న మంచి సైట్లు కూడా వలలో పడతాయి.

గూగుల్ పేరుతో కనిపించే వాటిని ముట్టుకోకండి, మీ మెయిలు దాని మీదే నడుస్తుంది. 'డబుల్‌క్లిక్' అని కనిపిస్తే నిస్సంకోచంగా తీసేయండి. అది గూగుల్ ప్రకటనల విభాగానిదే అయినా మెయిలుకు దానితో పనిలేదు.

ఫైర్‌ఫాక్స్‌లో ఇది ఇంకా హాయి. సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', అందులో 'కుకీస్ అండ్ సైట్ డేటా', అక్కడ 'మేనేజ్ డేటా'. ఏ సైటువి ఎన్ని కుకీలున్నాయో, ఆ సైటు చివరిసారి ఎప్పుడు వాడారో పట్టికలో చూపిస్తుంది. చివరిసారి వాడిన తేదీ వరుసలో పెట్టుకుంటే నిర్ణయం తేలిక. ఆరు నెలలుగా తొంగి చూడని సైటు కుకీ ఎందుకు? ఎంచుకుని తీసేశాక కింద 'సేవ్ ఛేంజెస్' నొక్కడం మరవకండి. అది నొక్కకుండా కిటికీ మూసేస్తే చేసిందంతా వృథా. మ్యాక్ సఫారీలో సెట్టింగ్స్, ప్రైవసీ, 'మేనేజ్ వెబ్‌సైట్ డేటా'.

తొలగించేముందు ఒక చిన్న సంగతి. చెప్పుల బిళ్ళ పారేస్తే చెప్పులు అరలోంచి మాయం కావు. ఆ నంబరు ఇంకెవరైనా చూసి ఉంటే, వాళ్ళు వచ్చి చెప్పులు తీసుకుపోవచ్చు కూడా. అలాగే కుకీ తీసేసినా సర్వర్లో మీ లాగిన్ కొంతకాలం బతికే ఉండొచ్చు. కాబట్టి ఇక వాడననుకున్న సైటు అయితే ముందు లాగౌట్ కొట్టి, ఆ తర్వాతే కుకీ తీయండి. లాగౌట్ అంటే బిళ్ళ కౌంటర్లో తిరిగిచ్చినట్టు.

నాలుగో అడుగు: రోజూ తనే ఊడ్చుకునేలా

ఓపికుంటే మూడు నెలలకోసారి మూడో అడుగు మళ్ళీ చేయొచ్చు. నాకు ఆ ఓపిక లేదు. అందుకే బ్రౌజర్ మూసిన ప్రతిసారీ అన్నీ పోయి, జాబితాలోనివి మాత్రం ఉండేలా పెట్టుకున్నాను. కాగితం మీద రాసిన జాబితా ఇక్కడే పనికొస్తుంది.

క్రోమ్‌లో 'సైట్ సెట్టింగ్స్', అందులో 'అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్', దాని కింద 'ఆన్ డివైస్ సైట్ డేటా'. ముందుగా కింద 'అలౌడ్ టు సేవ్ డేటా ఆన్ యువర్ డివైస్' దగ్గర 'యాడ్' నొక్కి, జాబితాలోని సైట్లు ఒక్కొక్కటీ చేర్చండి. సైటు పేరుకు ముందు [*.] అని పెడితే దాని అనుబంధ సైట్లన్నిటికీ వర్తిస్తుంది. బ్యాంకులకు ఇది అవసరం, ముఖపేజీ ఒక పేరుతో, లాగిన్ పేజీ ఇంకో పేరుతో ఉంటాయి. జాబితా పూర్తయ్యాకే పైకి వెళ్ళి, కిటికీలన్నీ మూసినప్పుడు డేటా తీసేసే ఎంపిక నొక్కండి. ఈ వరుస తిరగేస్తే, అంటే ముందు ఎంపిక నొక్కి జాబితా రేపు చేద్దామనుకుంటే, రేపటికి మీ లాగిన్లు ఉండవు.

ఫైర్‌ఫాక్స్‌లో 'డిలీట్ కుకీస్ అండ్ సైట్ డేటా వెన్ ఫైర్‌ఫాక్స్ ఈజ్ క్లోజ్డ్' అనే గడి, పక్కనే 'మేనేజ్ ఎక్సెప్షన్స్' ఉంటాయి. మినహాయింపుల్లో సైటు చిరునామా వేసి 'అలౌ' నొక్కాలి. ఎడ్జ్‌లో మూసేటప్పుడు ఏవి తీసేయాలో అడిగే పేజీలో కుకీల కిందే 'తీసేయకు' అన్న జాబితా ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఒకచోట బోల్తా పడతారు. 'గూగుల్‌తో లాగిన్' నొక్కి వెళ్ళే సైట్లకు, ఆ సైటుతోపాటు గూగుల్ కూడా జాబితాలో ఉండాలి. లేకపోతే పొద్దున్నే మెయిలు కూడా పాస్‌వర్డ్ అడుగుతుంది, టెన్షన్ మొదలవుతుంది.

మొదటి వారం మరిచిపోయిన సైటు ఒకటో రెండో బయటపడతాయి. బయటపడ్డప్పుడల్లా చేర్చుకుంటూ పోండి. ఏ సైటు అయినా ఉన్నట్టుండి మొండికేస్తే, అడ్రస్ పట్టీకి ఎడమవైపు గుర్తు నొక్కి ఆ ఒక్క సైటు కుకీలే తీసి మళ్ళీ లాగిన్ అవ్వండి. 'కుకీలు క్లియర్ చేసి చూడండి' అని కస్టమర్ కేర్ వాళ్ళు చెప్పినప్పుడు కూడా అంతవరకే చేయండి. వాళ్ళ ఒక్క సైటు కోసం మిగతా అన్నిటినీ బలి ఇవ్వడమెందుకు?

ఈ పని చేసిపెడతామనే ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, బోలెడున్నాయి. నా సలహా, వద్దు. కుకీలు చదివే అనుమతి ఇచ్చామంటే మన బిళ్ళలన్నీ ఒక పరాయివాడి జేబులో వేసినట్టే. బ్రౌజర్లోనే ఉన్న సదుపాయానికి ఆ రిస్కు అనవసరం.

ఫోన్లో

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, ఆల్ సైట్స్. ఐఫోన్‌లో అయితే ఫోన్ సెట్టింగ్స్‌లో (కొత్త వెర్షన్లలో 'యాప్స్' కింద) సఫారీ తెరిచి, 'అడ్వాన్స్‌డ్', 'వెబ్‌సైట్ డేటా'. పేరు మీద వేలితో ఎడమకు జరిపితే ఆ ఒక్కటే పోతుంది. కంప్యూటర్లో తీసినంత మాత్రాన ఫోన్లోవి పోవు, రెండూ విడివిడిగా చేయాలి.

ఫోన్ యాప్‌లలో వచ్చే ప్రకటనలకు ఈ కుకీలతో పనిలేదు. వాటికి ఆధారం ఆండ్రాయిడ్‌లోని అడ్వర్టైజింగ్ ఐడీ, అంటే ప్రకటనల కోసం ఫోనుకుండే గుర్తింపు నంబరు. ఫోన్ సెట్టింగ్స్‌లో 'యాడ్స్' అని వెతికి ఆ ఐడీని డిలీట్ చేయొచ్చు.

ఇక జిరాక్స్ షాపులోనో, పీజీలో ఎవరి ల్యాప్‌టాప్‌లోనో పని పడితే ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. ఆ కిటికీలన్నీ మూయగానే అందులోని కుకీలు పోతాయి. కానీ ఒక్కటి తెరిచి ఉంచినా ఉంటాయి, కాబట్టి లేచేముందు అన్నీ మూసి లేవండి.

మామయ్యగారి జాబితా ఇప్పుడు పదకొండు సైట్లు. ఆయన చేతిరాతతో ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంటుంది. మొదట్లో అందులో పంచాంగం సైటు కూడా రాశారు. దానికి లాగిన్ లేదు కదా, అక్కర్లేదని నేనే కొట్టించాను. మూడో రోజు ఫోన్ చేశారు: "అల్లుడూ, అది హిందూపురం మర్చిపోయి ఢిల్లీ రాహుకాలం చూపిస్తోంది." ఊరి పేరు గుర్తుపెట్టుకున్నది ఆ కుకీయేనట. మళ్ళీ చేర్చాం.